ఊగని వీడియో

సామాన్యులు తీసే వీడియోలను ప్రపంచ స్థాయికి చేర్చే మహత్తర కార్యక్రమం కారదొబో గ్రామం నుంచే మొదలవుతుందని జిల్లా అకీం టొక్తొనాలి గారు ప్రకటించారు. జిల్లాకి అకీం అంటే అన్నీ ఆయనే. ఆయనకు ఈ ఆలోచన రావడానికి కారణం బడిలో వంట చేసే బుర్మకాన్. ఏళ్ల తరబడి చుక్క రాలని వీధి కుళాయిని ఆవిడ ఫోన్‌లో తీసి, "ఏటి నుంచి గాడిద మీద మొయ్యలేక చస్తున్నాం" అని నెట్‌లో పెట్టింది. దేశమంతా చూసింది. ఖర్మ కాలి, అకీం గారి పైఅధికారి కూడా చూశాడు.

అకీం గారు వీడియోని దీక్షగా పరిశీలించి లోపం ఇట్టే పట్టేశారు.

"ఫోన్ ఊగుతోంది అక్కయ్యా. గాలి రొద. మొహం మీద వెలుతురే లేదు. ఇది చూసి జనం మన జిల్లా గురించి ఏమనుకుంటారు?"

"నీళ్లు లేవనుకుంటారు తమ్ముడు గారూ."

"చూశారా! చెప్పాలనుకున్నది ఒకటి, జనానికి చేరేది ఒకటి!"

మర్నాడే లైట్లు, మైకు, ఫోన్‌కి స్టాండు దిగాయి. గోడ వెనక నీళ్ల ట్యాంకరు నిలబెట్టి కుళాయికి గొట్టం తగిలించారు. ప్లానింగ్ లేనిదే మంచి వీడియో రాదని అకీం గారు ఉపన్యసించారు. కుళాయి తిప్పాలి, నీళ్లు రావాలి, ఆయన నవ్వాలి. అంతే. ఫోన్ మాత్రం శిక్షణలో భాగంగా బుర్మకాన్‌కే అప్పగించారు.

ఆవిడ కళ్లు ట్యాంకరు మీదే ఉన్నాయి. ఊరంతా వారం రోజులు తాగొచ్చు. "షూటింగ్ అయ్యాక ఆ నీళ్లు?"

"వెనక్కే. అవి మా ఆఫీసు పూలమొక్కలవి."

బుర్మకాన్‌కి ఒళ్లు మండింది. కానీ నవ్వు మొహంతోనే అంది. "వెనక జనం లేకపోతే సహజంగా ఉండదేమో తమ్ముడు గారూ. శుభకార్యం కదా, ఊరి పెద్దాయన దీవెన కూడా ఉండాలి."

దీవెన వద్దనే మొనగాడు ఆ దేశంలో ఇంకా పుట్టలేదు. ఆడవాళ్లు డబ్బాలు, బిందెలు, ఆఖరికి టీ నీళ్లు కాచే సమోవార్లు కూడా పట్టుకొచ్చారు. ఊళ్లోకెల్లా పెద్దవాడు ముకాన్‌బెట్ తాత వచ్చాడు. కుళాయి తిప్పారు. తాత అరచేతులు పైకెత్తాడు, అకీం గారూ ఎత్తారు. పెద్దవాళ్లు దీవిస్తుంటే మధ్యలో చేతులు దించడం ఎంతటివాడికైనా తరం కాదు. తాత అకీం గారి పూర్వీకుల్ని, గొర్రెల్ని, గుర్రాల్ని, అత్తవారిని, ఆఖరికి ఫోన్ స్టాండుని దీవించాడు. వెనక డబ్బాలు నిండి కదులుతున్నాయి, కొత్తవి వస్తున్నాయి. చివరికి దీవెన ముగిసినట్టుగా అందరూ అరచేతులతో మొహాలు తడుముకున్నారు.

"కట్! గాలి రొద తమ్ముడు గారూ. మళ్లీ."

మళ్లీ దీవెన. "మీ మొహం మీద వెలుతురు చాల్లేదు. మళ్లీ."

ఇంకోసారి. "ఊగింది."

"స్టాండు మీద ఉందిగా!"

"తాత దీవెనకి నా గుండె ఊగి, చెయ్యి తగిలింది."

తాత ఆవిడ చెవిలో గొణిగాడు. "ఇంకెవర్ని దీవించనే? ఆయన గొర్రెలు కూడా అయిపోయాయి."

"వియ్యాలవారున్నారుగా తాతా, అటు మొదలెట్టు."

ట్యాంకరు గుటకలేసి ఆగిపోయాక గానీ బుర్మకాన్‌కి టేక్ నచ్చలేదు. చేతులు పడిపోయిన అకీం గారు వీడియో చూసుకుని కళ్లు తుడుచుకున్నారు. ఒక్క పిసరు ఊగలేదు. "ఇంత పట్టుదల మా ఆఫీసర్లలో కూడా చూడలేదు" అంటూ ఆవిడని జిల్లా శిక్షకురాలిగా నియమించి, వీడియో అక్కడికక్కడే నెట్‌లో పెట్టించారు.

మర్నాడు పొద్దున బుర్మకాన్ కొత్త ఉద్యోగంలో చేరడానికి వెళ్లేసరికి అకీం గారి ఆఫీసు ముందు బళ్లు బారులు తీరి ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ల పెద్దలందరూ వచ్చేశారు. ప్రతి బండిలో ఖాళీ డబ్బాలు, వాటి మధ్య ఒక ముసలి తాత.

"అకీం గారూ," అన్నాడు ముందున్నాయన టోపీ తీసి, "మా ఊరి వీడియో కూడా తెగ ఊగిపోతోందండీ."