ఇన్నమ్మ ఒప్పుకున్నట్టు భావించవలెను

ఏన్కూరు దాటి భద్రాచలం వెళ్లే దారిలో ఉన్న మా ఊరి మూలమలుపును చరిత్రకెక్కిస్తున్నట్టు మంత్రి శ్రీశైలం గారు మైకులో ప్రకటించారు. మైకు కీచుమంది. మంత్రిగారు దాన్ని ప్రజల హర్షధ్వానంగా స్వీకరించారు. విలేకరిగా ఆ సభకు వెళ్లిన నేను కూడా అలాగే రాశాను.

చరిత్రకు అడ్డం ఒక్కటే. ఇన్నమ్మ ఇల్లు. ముందు గదిలో చాయ్ హోటల్, వెనక గదిలో ఇన్నమ్మ. భర్త పేరు ఆరోగ్యం. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరై, చేతికొచ్చిందంతా ఆ రెండు గదుల్లో పోసి, గోడల సున్నం ఆరకముందే పోయాడు. ఆమెకు ఆ ఇల్లు తప్ప మరో ఆధారం లేదు. ఇది వార్తలో రాద్దామనుకున్నాను కానీ, అభివృద్ధి వార్తల్లో ఏడుపు ఉండకూడదని మా ఎడిటర్ గారి ఆదేశం.

ఇంటివల్ల మంత్రిగారికి వచ్చిన కష్టం ఏమిటంటే, ఆ మలుపులో కాన్వాయ్ నెమ్మదించాలి. నెమ్మదిస్తే చాలు, హోటల్లో కూర్చున్న జనం లేచి పోడు పట్టాల దరఖాస్తులు, పింఛను దరఖాస్తులు కారు అద్దంలోంచి లోపలికి తోసేస్తారు. మా వైపు మంత్రిని కలవాలంటే ఎవరూ అపాయింట్‌మెంట్ అడగరు. ఇన్నమ్మకు ఒక చాయ్ చెప్పి కూర్చుంటారు. ప్రజాసేవకు పరుగున పోయే నాయకుణ్ణి ప్రజలే ఇలా అడ్డుకోవడం చూసి మంత్రిగారి మనసు కలత చెందింది.

ఆ కలతలోంచే ప్రజాప్రతినిధుల వేగ పరిరక్షణ చట్టం పుట్టింది. నాయకుల వేగానికి అడ్డొచ్చే కట్టడాన్ని యజమానిని అడగకుండానే తీసెయ్యవచ్చు. ప్రతిపక్షానికి కూడా కార్లున్నాయి కనుక అసెంబ్లీలో చర్చ అవసరపడలేదు. కార్యకర్తలు మంత్రిగారి ఫ్లెక్సీకి పాలాభిషేకం చేశారు. పాలు ఇన్నమ్మ హోటల్ నుంచే తెచ్చారు.

ఇన్నమ్మ ఖమ్మం పోయి వకీలు అక్సాను పట్టుకుంది. అక్సా చట్టం చెల్లదంటూ హైకోర్టులో కేసు వేసింది. నేనూ వెళ్లాను.

"అసెంబ్లీ చేసిన చట్టం సరైనదేనని ముందుగా అనుకోవాలి మైలార్డ్," అన్నాడు సర్కారు వకీలు.

"అనుకున్నాం. చట్టం తెలివైనదా అని కూడా మేం అడగం, ఆ పని మాది కాదు. రాజ్యాంగానికి లోబడి ఉందా అనే అడుగుతాం. ఆమె మాట వినకుండా ఇల్లు ఎలా కూలుస్తారు?" అన్నారు జడ్జిగారు.

"వింటే వేగం తగ్గుతుంది మైలార్డ్."

చట్టం కొట్టేశారు. తీర్పును శిరసావహిస్తున్నానని మంత్రిగారు ఫ్లెక్సీ వేయించారు. కోర్టు లోపం చూపిస్తే సవరించుకునే అధికారం అసెంబ్లీకి ఉంది గదా. సవరించారు. కొత్త చట్టంలో చేరింది ఒకే ఒక్క వాక్యం: "యజమాని మాట విన్నట్టుగా, యజమాని ఒప్పుకున్నట్టుగా భావించవలెను."

తహసీల్దార్ మంగీలాల్ గారు జేసీబీ వెంటబెట్టుకుని వచ్చారు. మర్యాదస్తుడు, చాయ్ తాగాకే సంగతి చెప్పారు.

"అమ్మా, నీ మాట విన్నం."

"ఎప్పుడు సారూ? నేనింక నోరే తెరవకపోతి!"

"విన్నట్టు భావించినం. చట్టమది."

"గట్లనా. మరి నేనేమన్న?"

మంగీలాల్ గారు కాగితం తిప్పి చూశారు. "ఒప్పుకున్నవ్."

"ఏడ్చిన్నా?"

"అదేం రాయలే."

"అయితే గిప్పుడు వద్దంటున్న. గిది రాస్కో."

"గిప్పుడెట్లమ్మా? వినుడు అయిపాయె."

అక్సా స్టే కోసం పరుగెత్తింది. పూర్తి విచారణ కాకుండా చట్టాన్ని మధ్యలో ఆపడం కోర్టులు మామూలుగా చెయ్యవట. విచారణ జరిగేలోగా జేసీబీ తన పని చేసుకుపోయింది. పొయ్యి మీది గిన్నెను కూడా దించనివ్వలేదు. ఆరోగ్యం ఫోటో ఒక్కటి చేతబట్టుకుని ఇన్నమ్మ రోడ్డు మీద నిలబడింది. వేగం పెరిగిందని నేను వార్త రాశాను. రాసినందుకు సిగ్గేసింది.

రెండో చట్టం కూడా కోర్టులో నిలవలేదు. "మేం చూపిన తప్పును తీసెయ్యండి, మా తీర్పును తీసెయ్యడం కాదు. ఆమె ఇల్లు మునుపటిలా ఉండాలి," అన్నారు జడ్జిగారు.

మంత్రిగారు కోర్టుమాట జవదాటే మనిషి కాదు. మూడో చట్టం తెచ్చారు: "ఇన్నమ్మ ఇల్లు మునుపటిలాగే ఉన్నట్టుగా భావించవలెను. లేనట్టు ప్రవర్తించినవారు శిక్షార్హులు."

గృహప్రవేశానికి మంత్రిగారే విచ్చేశారు. ఖాళీ జాగాలో ముగ్గుపిండితో గోడలు గీశారు. గుమ్మమున్న చోట రెండు వెదురు బొంగులు పాతి రిబ్బను కట్టారు. ఇంటికి పైకప్పు ఉన్నందువల్ల షామియానా వెయ్యలేదు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి లోపలికెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ఇన్నమ్మ పక్కనుంచి రాబోయింది.

"అమ్మా, అటు గోడ!" అని మంగీలాల్ గారు కేకేశారు. ఆమె చుట్టు తిరిగి గుమ్మంలోంచి వచ్చింది.

మంత్రిగారు ప్రసంగం మొదలుపెట్టగానే వాన మొదలైంది. గన్‌మన్ గొడుగు తెరవబోతే మంగీలాల్ గారు చెయ్యి పట్టుకున్నారు. "ఇంట్ల గొడుగేందయ్యా? జైలుకు పోతవా?" మంత్రిగారు పైకప్పును పొగుడుతూ, మొహం తుడుచుకుంటూ మాట్లాడారు. మేమంతా తడుస్తూ చప్పట్లు కొట్టాం.

ఇన్నమ్మ కాసేపు విన్నది. తర్వాత లేచి బొంగుల మధ్యనుంచి బయటికొచ్చి, వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి లాగినట్టు లాగింది. తాళం వేసినట్టు చెయ్యి తిప్పింది.

మంత్రిగారు బొంగుల దాకా వచ్చి ఆగారు. "తియ్యమ్మా."

"చాబి యాడనో పడిపోయింది సారూ."

"సరే, ఇట్ల పక్కకెల్లి పోత."

మంగీలాల్ గారు చెవిలో అన్నారు. "గోడలకెల్లి పోతే ఇల్లు లేనట్టే సార్. కేసైతది. పత్రికోళ్లు చూస్తున్నరు."

మంత్రిగారు నన్ను చూసి నవ్వారు. నేను కెమెరా ఎత్తాను. ఆయన చుట్టూ చూసి, రోడ్డు మీద గొడుగుతో నిలబడ్డ అక్సాను పిలిచారు.

"అమ్మా, నువ్వు వకీలువే గదా? ఈ చట్టం చెల్లదని జల్దీ ఒక కేసెయ్యి."

"వేస్త సార్," అన్నది అక్సా. "స్టే మాత్రం కష్టం."

వాన ఇంకా పెరిగింది. ఇన్నమ్మ చెంగు పిండుకుంటూ చర్చి వరండా వైపు నడిచింది. ఇల్లు కూలిన దగ్గర్నుంచి ఆమె పడుకుంటున్నది అక్కడే.