ఆరో నంబర్ గదికి నాలుగు నక్షత్రాలు

మనిషి నిప్పు కనిపెట్టిన నాటి నుంచి మొన్నమొన్నటి దాకా, అన్నం ఎక్కడ తినాలో తేల్చే అధికారం ముక్కుదే. 2021వ సంవత్సరంలో ఆ అధికారం ముక్కుల నుంచి నక్షత్రాలకు బదిలీ అయింది. (ముక్కులు అభ్యంతరం చెప్పలేదు. ఆ ఏడాది చాలా ముక్కులు సెలవులో ఉన్నాయి.)

సెలవులో ఉన్న ముక్కుల్లో సూరత్, లింబాయత్ వాసి భూదేవిది ఒకటి. ఏప్రిల్‌లో ఆమెకు కరోనా వచ్చింది. పన్నెండు రోజుల్లో జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ వాసననీ రుచినీ వెంటబెట్టుకుపోయింది. ఆ తరువాత ఆరు నెలలు ఆమె చేతికి గుర్తున్న కొలతలతోనే వండింది. లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి ఒక్క పూట కూడా సెలవు తీసుకోలేదు. గల్లీలో ఎవరు క్వారంటైన్‌లో పడినా వాళ్ళ గడప ముందు గిన్నె పెట్టి వచ్చింది కూడా ఆమే.

దసరా వెళ్ళిన మర్నాడు సొరకాయ కూర నోట్లో పెట్టుకుని ఆమె ఒక్కసారిగా ఆగిపోయింది.

"ఏందిది? గింత సప్పగున్నది! ఆర్నెల్ల సంది గిదేనా మీరు తింటున్నది?"

"గదే," అన్నాడు భర్త బిక్షపతి.

"జర చెప్పద్దా?"

"చెప్తె నువ్వు దేన్తోని రుచి చూస్తవు?"

భూదేవి కాసేపు నవ్వింది, కాసేపు కళ్ళు తుడుచుకుంది. పోయిన రుచి తిరిగొచ్చిన సందర్భంగా ఏం కావాలో కోరుకొమ్మన్నాడు బిక్షపతి. చీర అడుగుతుందనుకున్నాడు.

"నేను వండనిది కావాలె. ఎవరో వండాలె. నేను కూసోని ఉండాలె. వేడివేడిగ నా ముంగట పెట్టాలె. ఒక్క పూట సాలు."

"దీవ్ జఈఏ, బాపు!" అంది వాళ్ళ పంతొమ్మిదేళ్ళ కూతురు రుచిత, సూరత్‌లో పుట్టి మూడు భాషల్నీ ఒకే గ్లాసులో కలుపుకుని తాగిన పిల్ల. "దరియా కూడ ఉంటది, ఫిష్ ఏక్‌దమ్ తాజా మిల్తా హై."

దీపావళికి సూరత్‌లో బట్ట నేసే లూములు మూతపడతాయి. రెండు రోజులు దీవ్ అనే ఆ దీవికి పోదామన్న రుచిత మాటే ఖరారైంది. ఇక ఆ దీవిలో అన్నింటికంటే మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో తేల్చడం ఒక్కటే మిగిలింది. ఆ బాధ్యత బిక్షపతి తన మీద వేసుకున్నాడు. అక్కడే మొదలైంది అసలు ఉపద్రవం.

ముందుగా అనుభవజ్ఞుల సలహా కోరాడు. సూరత్‌లోనే భేస్తాన్‌లో ఉండే గంగారాం ఏడాదికి నాలుగు సార్లు దీవ్ వెళ్ళొస్తాడు.

"దీవ్‌ల తినేతందుకు ఏది మంచి జాగ, బావా?"

గంగారాం చాలాసేపు ఆలోచించాడు. "తినుడా?" అన్నాడు చివరికి. "తింటానికి దీవ్ ఎవడు పోతడు?" (గుజరాత్‌లో మద్యం నిషేధం. దీవ్ గుజరాత్‌లో లేదు. భూగోళశాస్త్రంలో ఈ ఒక్క పాఠం సూరత్ మగవాళ్ళు ఎన్నడూ మరిచిపోరు.)

అనుభవజ్ఞుల విభాగం ఇలా విఫలం కావడంతో, బిక్షపతి ఫోన్‌లో 'రుచిదారి' అనే యాప్ దించుకున్నాడు. దీవిలో రెండు వందల పద్నాలుగు భోజనశాలలున్నాయని అది చెప్పింది. ఇంకొకరైతే పైనున్న మూడు చూసుకుని ఫోన్ జేబులో పెట్టుకునేవారు. బిక్షపతి ఇంకొకరు కాదు. లూమ్ ఖాతాలో, అంటే మరమగ్గాల కార్ఖానాలో, ఇరవై రెండేళ్ళుగా బట్ట చూసే మనిషి. కింద ట్యూబులైటు వెలిగే గాజు బల్ల మీద బట్టను లాగుతూ, తెగిన పోగు, నూనె మరక, జారిన అంచు కనబడగానే చాక్‌పీసుతో గీత పెట్టి, పక్కన తన పొడి సంతకం చేయడం ఆయన ఉద్యోగం. బాగున్న గజాల గురించి ఆయన ఏనాడూ ఒక్క మాట రాయలేదు. రాయమని ఎవరూ అడగలేదు కూడా.

కాబట్టి ఐదు నక్షత్రాల అభిప్రాయాలను ఆయన తాకనైనా తాకలేదు. అవి బాగున్న గజాలు. ఒక్క నక్షత్రంవి మాత్రం ఒక్కటి వదలకుండా చదివి, నోటు పుస్తకంలో ఎక్కించాడు.

"భోజనం అద్భుతం. మా తోడల్లుడికి కూడా నచ్చింది, అదే బాధ." కొట్టేశాడు. "కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందన్నారు. కనిపించింది గానీ కొంచెం ఎడమకు ఉంది." కొట్టేశాడు. "నేను ఈ హోటల్‌కు వెళ్ళలేదు. వెళ్ళే ఉద్దేశం లేదు." దీని మీద ఒక పూటంతా తర్జనభర్జన పడ్డాడు. వెళ్ళకుండానే ఒక మనిషికి ఇంత అసంతృప్తి కలిగిందంటే, అక్కడ ఏదో ఉండే ఉంటుందని తోచి, కొట్టేశాడు.

"బాపు, అట్లయితే ఒక్కటి బచ్‌దు," అంది రుచిత.

"మిగుల్తది, బిడ్డా. మంచి తాకా ఎప్పుడన్న ఒక్కటి దిగుతది."

బట్ట చుట్టను అక్కడ తాకా అంటారు. ఆయన మాటే నిజమైంది. పదకొండు రోజుల పరిశీలన తరువాత ఏ లోపమూ లేని భోజనశాలలు మూడు మిగిలాయి. వాటి మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. పొగడ్తలూ లేవన్న సంగతి బాగున్న గజాల కిందికి వస్తుంది కనుక ఆయన చూడలేదు.

దీవిలో పొద్దున్నే బస్సు దిగి నాలుగడుగులు వేశారో లేదో, భూదేవి ఆగిపోయింది. రోడ్డు పక్కన తోపుడు బండి మీద ఒకాయన పెద్ద పెనంలో వెల్లుల్లి కారం పట్టించిన చేపలు వేయిస్తున్నాడు. భూదేవి మాస్కు కిందికి లాగి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చింది. ఏడు నెలల తరువాత వాళ్ళాయన ఆమె ముఖంలో ఆ వెలుగు చూశాడు. చూసి సంతోషపడ్డాడు కూడా.

"గీడ తిందాం," అంది.

బిక్షపతి ఫోన్ తీసి వెతికాడు. "బండి పేరు లేదే ఇండ్ల."

"వాసన వస్తున్నది కద."

"వాసన కాదే. ఇన్నొద్దుల తర్వాత తింటున్నవు. నీకు ఫస్టు నంబర్ది పెట్టాలె నేను." ఆ మాటలో ప్రేమే ఉంది. ఆమెకూ తెలుసు. అందుకే మాస్కు పైకి లాక్కుని ఆయన వెంట నడిచింది.

ఏ లోపమూ లేని మొదటి భోజనశాలకు తాళం ఉంది. తాళానికి తుప్పు ఉంది. మొదటి లాక్‌డౌన్‌లో మూసినవాళ్ళు మళ్ళీ తెరవలేదు. (ఏడాదిన్నరగా అక్కడ ఒక్క ఫిర్యాదూ రాకపోవడంలోని రహస్యం ఇదే.) రెండోదానికి గోడలు లేచాయి, కప్పు ఇంకా వేయలేదు. మేస్త్రీ మర్యాదస్తుడు. సంక్రాంతి దాటాక రమ్మన్నాడు.

మూడోది నిజంగానే తెరిచి ఉంది. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, నుదుటికి గురిపెట్టే థర్మామీటర్‌తో, ప్రవేశార్హతా పర్యవేక్షకుడు కూర్చుని ఉన్నాడు. బిక్షపతికీ రుచితకూ రెండేసి డోసులు అయ్యాయి. జబ్బు పడిన మూలాన భూదేవి మొదటి డోసు ఆలస్యమైంది, రెండోదానికి ఇంకా తొమ్మిది రోజులు ఉంది.

"సగం అర్హత," అని పర్యవేక్షకుడు హిందీలో తీర్పు చెప్పి, గోడ మీది నియమావళి చూపించాడు. సగం టీకా గలవారు లోపలికి రావచ్చు. బల్ల దగ్గర కూర్చోవచ్చు. మాస్కు మాత్రం తీయరాదు. (తినడం ఎలాగన్న విషయాన్ని నియమావళి వారి వారి నేర్పుకే వదిలేసింది.)

బిక్షపతి బతిమాలాడు. రుచిత మూడు భాషల్లో పోట్లాడింది. పర్యవేక్షకుడు కరిగి, పై అధికారికి యాప్ ద్వారా విన్నపం పెట్టుకోమన్నాడు. జవాబు రెండు గంటల్లో వస్తుందన్నాడు. నిజంగానే వచ్చింది. అనుమతి ఇచ్చారు గానీ, వంటిల్లు మూసేసి పావుగంట అయిందట.

లాడ్జికి చేరేసరికి సాయంత్రం నాలుగు. ముగ్గురి కడుపుల్లో బిస్కెట్లు తప్ప ఏమీ లేవు. భూదేవి సంచి విప్పి కరెంటు పొయ్యి తీసింది. బియ్యం, కందిపప్పు, చింతపండు, మామిడికాయ తొక్కు సీసా వరసగా బయటికి వచ్చాయి.

"ఇవ్వన్ని ఎందుకు తెచ్చినవే?" అన్నాడు బిక్షపతి, దొంగ తనే అయినట్టు.

"నీతోని ఇరవై ఏండ్ల సంది ఉంటున్న గద," అంది భూదేవి.

పప్పులో ఎల్లిపాయ తాలింపు పడింది. పచ్చిపులుసు కలిపింది. ఆ వాసన ఆరో నంబర్ గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి వెళ్ళింది. పక్క గదిలో సూరత్‌లోనే కోసాడ్ కాలనీ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. వాళ్ళు కూడా రుచిదారిని నమ్ముకుని పొద్దుటి నుంచి పస్తులున్నారు. వాళ్ళ చంటిది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భూదేవి దానికి ముద్ద పెట్టింది. వెనకాలే వాళ్ళమ్మ వచ్చింది, తరువాత మిగతా ఐదుగురు.

తిన్నవాళ్ళు ఊరికే ఉండరు కదా. వాళ్ళలో ఎవరో ఫొటో తీసి 'ఆరో నంబర్ గది, ఆంధ్ర ఫుడ్' అని యాప్‌లో ఎక్కించారు. (భూదేవిది జనగామ వైపు. యాప్‌లో ఆ వైపు లేదు.) తెల్లవారేసరికి వరండా నిండా జనం ఉన్నారు. లాడ్జి మేనేజరు తన గ్యాస్ పొయ్యి, పెద్ద గిన్నెలు, బియ్యం పప్పు సంచులు తెచ్చిచ్చి, టోకెన్లు కత్తిరించే పని స్వయంగా చేపట్టాడు. పదకొండు గంటలకు రుచిదారి నుంచి అభినందన వచ్చింది. దీవిలో మొదటి స్థానం ఆరో నంబర్ గదిదే.

"ఫస్టు నంబర్ వచ్చింది, భూదేవీ!" అన్నాడు బిక్షపతి. ఆనందంలో గొంతు కాస్త పెరిగింది.

భూదేవి గరిటె దించకుండానే ఆయన వైపు చూసింది. ఆ చూపుకు ఆయనకు, గాజు బల్ల కింద లైటు వెలిగినట్టు, రెండు వారాలుగా తను చేసిన పనంతా కనిపించింది.

మూడున్నరకు ఆమె గరిటె కూతురి చేతికిచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంది. బస్సు ఐదింటికి. "నేను ఆ బండి కాడికి పోతున్న," అంది. బిక్షపతి ఈసారి ఫోన్ తీయలేదు. చెప్పులేసుకుని వెంట బయలుదేరాడు.

పెనం బోర్లించి ఉంది. బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది. పక్కన కొబ్బరిబొండాల ఆయన్ని అడిగితే, బండాయన భోజనానికి వెళ్ళాడని చెప్పాడు. దీవిలో కొత్తగా ఒక మంచి హోటల్ వచ్చిందట, టోకెన్ నలభై ఒకటి దొరికిందట.

భూదేవికి కోపం రాలేదు. ఏడుపొచ్చింది. రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చింది. టార్పాలిన్ అంచు ఒకటి ఎగురుతుంటే బిక్షపతి దాన్ని సరిచేసి కట్టాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి బండాయన వరసలో చివర నిలబడి ఉన్నాడు. "బెన్, హజీ బాకీ ఛే?" అని, ఇంకా ఏమైనా మిగిలిందా అన్నట్టు ఆశగా చూశాడు. మిగిలింది ఒక్కరికే. అది భూదేవి తనకని పక్కన పెట్టుకున్నది. ఆకలితో వచ్చినవాణ్ణి ఎట్లా పంపుతుంది, పెట్టింది. ఆయన చివరి మెతుకు దాకా తిని, ఈసారి వస్తే తన బండి దగ్గర తప్పకుండా తినమని చెప్పి వెళ్ళాడు.

బస్సు వంతెన దాటుతుండగా బిక్షపతి ఫోన్ మోగింది. ఆరో నంబర్ గది భోజనం మీద ఆయన అభిప్రాయం కోరింది రుచిదారి. భూదేవి కిటికీకి తలానించి నిద్రపోతోంది. చేతిలో సగం తిన్న బిస్కెట్ అలాగే ఉంది. బిక్షపతి ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టాడు. బాగున్న గజాల గురించి జీవితంలో మొదటిసారి రాశాడు.

"పప్పు బాగున్నది. పచ్చిపులుసు చాలా బాగున్నది. తొక్కు మా ఇంటిదే. వండిన మనిషి తినలేదు. లోపం నాది. నాలుగు నక్షత్రాలు." కింద, అలవాటు కొద్దీ, పొడి సంతకం చేశాడు.

నిమిషంలో జవాబు వచ్చింది. మీ అభిప్రాయం భోజనానికి సంబంధించినది కానందున తొలగించడమైనది.