బ్రాకెట్లో నక్క

ముందువెనకలు కాస్త తారుమారైతే సర్దుకోండి. కథ మాత్రం ఇదే.

ఒక పెద్ద అడవిలో ఎండలకి వాగులన్నీ ఇంకిపోయి ఒక్క మడుగు మిగిలింది. ఆ నీళ్ళకి వాటాలు వెయ్యమని సింహంగారు తన గుమాస్తా నక్క జిత్తయ్యకి చెప్పారు. జిత్తయ్యకి పెళ్ళాం పిల్లలు లేరు. బండ మీద బొగ్గుతో ఇలా రాశాడు:

వా(మ) = 20 − 2మ

సభ నోరు తెరుచుకుని చూసింది. వా ని మ తో హెచ్చవెయ్యాలా అని తాబేలు మేష్టారు అడిగాడు.

"హెచ్చవేత కాదు మేష్టారూ. వా అనేది ఈ సూత్రం పేరు. మ అంటే ఇంట్లో ఎంతమంది అని. బ్రాకెట్లో ఏ అంకె పెడితే, అటుపక్క మ ఉన్నచోట అదే పెట్టి లెక్క కట్టాలి. ఎంతొస్తే అన్ని కుండలు. నేనొక్కణ్ణే గనక వా(1). ఇరవైలో రెండు పోతే పద్దెనిమిది."

అడవిపంది బొద్దమ్మకి తొమ్మిదిమంది పిల్లలు. తనతో పది. పది పెడితే ఇరవైలో ఇరవై పోయి సున్నా వచ్చింది. పిల్లల నాలుకలు అప్పటికే పిడచకట్టుకుపోతున్నాయి. జిత్తయ్య మాత్రం ఇది చిన్న కుటుంబాలకి ప్రోత్సాహమని వివరించాడు. సింహంగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు గనక వెంటనే పంజా ముద్ర వేశారు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. గడపలోకి వచ్చిన పిల్లల్ని పొమ్మనకూడదు. ఎవరింట తింటే ఆ ఇంటి లెక్కలోకే వస్తారు. బొద్దమ్మ తొమ్మిదిమందినీ తీసుకెళ్ళి జిత్తయ్య గుహలో దింపింది.

"నీళ్ళున్న ఇల్లు కదా అన్నయ్యా, కొన్నాళ్ళు మేనమామ దగ్గరుంటారు" అంది.

వెనకే కుందేలు తన ఇద్దరినీ పంపింది.

నీళ్ళు పంచే రోజు మేష్టారు బొద్దమ్మకి బ్రాకెట్లో ఒకటి పెట్టి పద్దెనిమిది కుండలు ఇచ్చాడు. ఆవిడ వాటిని జిత్తయ్య గుహకే మోసుకెళ్ళి పిల్లలందరికీ కడుపునిండా తాపింది. తరవాత జిత్తయ్యకి పన్నెండు పెట్టి, మేష్టారు కాసేపు తల గోక్కున్నాడు.

"ఇరవైలో ఇరవైనాలుగు పోతే మైనస్ నాలుగొచ్చింది నాయనా."

"అంటే?"

"నువ్వే మడుగులో నాలుగు కుండలు పొయ్యాలి."

సూత్రం మార్చమని జిత్తయ్య సింహంగారి కాళ్ళమీద పడ్డాడు. ముద్ర పడ్డాక ఎలా మారుస్తామంటూ ఆయన ఆవులించారు. జిత్తయ్య ఖాళీ కుండలు నెత్తిన పెట్టుకుని నీళ్ళకోసం పక్క అడవి దారి పట్టాడు.

నీతి: సూత్రం రాసేవాడు ముందు తన ఇంటి తలుపుకి గడియ పెట్టుకోవాలి.

ఒసే చెల్లీ శాంభవీ, ఈ కథలో పేర్లు సరిగ్గా రాశానో లేదో నువ్వోసారి చూసిపెట్టవే.