తిప్పితే తగ్గే కరెంటు

తొమ్మిదికి ఫిల్మ్, పదికి కొలత, పదకొండుకి ఫిల్మ్‌ను పరీక్షించడానికి బయటి నుంచి యామిని మేడమ్. మహిమ వేసుకున్న పథకం అంతే. కరెంటు పారే ప్లాస్టిక్ మీద కడపలో ఆమె చేసిన ఐదేళ్ల పరిశోధన ఈ పూటతో తేలిపోవాలి. ఫిల్మ్ పనిచేస్తే థీసిస్, లేదంటే ఇంకో ఏడాది.

తొమ్మిదీ ఐదుకి యంత్రం మొరాయించింది. గాజు పలకను గాలితో పీల్చి పట్టుకుని, గిర్రున తిప్పుతూ ప్లాస్టిక్ ద్రావణాన్ని ఫిల్మ్‌గా, అంటే పల్చటి పొరగా, పరచడం దాని పని. ఇవాళ పట్టుకోకుండానే తిప్పింది. పలక ఎగిరి గోడకు తగిలి ముక్కలైంది.

"ఏసేపన్నా, పక్క ల్యాబ్‌లో గాలి పైపు అడిగొస్తా. ఈ ద్రావణం సీసా ముట్టుకోవద్దు. ఉండేది ఇదొక్కటే."

"నేనెందుకు ముట్టుకుంటానమ్మా," అన్నాడు అటెండర్ ఏసేపు.

ముక్కలు ఊడుస్తుంటే అతని మోచెయ్యి సీసాకు తగిలింది. సగం ద్రావణం బల్ల మీది కొత్త పలక మీద ఒలికింది. ఏసేపు ఇంకో గాజు అంచుతో ఒలికినదాన్ని చదును చేసి, ఆరాక ఫిల్ములు పెట్టే పెట్టెలో మొదటి గదిలో దాచేశాడు. మహిమ పరుగున వచ్చి, పైపు తగిలించి, మిగిలిన ద్రావణంతో ఫిల్మ్ వేసి, కొలిచే తీరిక లేక, హడావిడిలో చూసుకోకుండా అదే పెట్టెలో పెట్టింది.

పదకొండుకి గైడు శ్రీనివాసులు సార్ పెట్టె తెరిచి చేతికందిన మొదటి పలక తీశారు. మీటరు ముల్లు ఎగిరింది. ఎప్పుడూ వచ్చే దానికి ఎనిమిది రెట్లు!

"అంతా మా యంత్రం పనితనం మేడమ్," అన్నారు సార్.

యామిని మేడమ్ పలకను అడ్డంగా తిప్పి మళ్లీ కొలిచారు. ముల్లు పడిపోయింది. నిలువుగా పెడితే లేచింది.

"గుండ్రంగా తిప్పి వేసిన ఫిల్మ్‌లో ఎటు కొలిచినా ఒకటే రావాలి కదండీ. ఇది మీ యంత్రం వేసింది కాదు."

"ఎండ మేడమ్. కడప ఎండకు ఒక్కోసారి..."

"ఎండ అడ్డంగా మాత్రమే కొడుతుందా?"

మేడమ్ ఫైలు మూసేశారు. మహిమ పలకను దగ్గరగా చూసింది. దాని మీద తాను పెట్టే గుర్తు లేదు.

"ఆ యమ్మ తప్పేం లేదు మేడమ్," అన్నాడు గుమ్మంలోంచి ఏసేపు. "పూసింది నేనే. ఒలికిపోతే గాజు ముక్కతో లాగితి. కమలాపురంలో మా చర్చికి ఏటా సున్నం కొట్టేది నేనే. ఒకే దిక్కుకు మెల్లిగా లాగల్ల. అటూ ఇటూ లాగితే చారలు పడ్తాయి."

మహిమకు ఒక్కసారిగా వెలిగింది. పెట్టెలోంచి తన ఫిల్మ్ తీసి కొలిచింది. నిలువుకూ అడ్డానికీ ఒకటే అంకె, ఏసేపు ఫిల్మ్ నిలువు అంకెలో ఎనిమిదో వంతు.

"మేడమ్, యంత్రం తిప్పితే ద్రావణం క్షణంలో ఆరిపోతాది. ప్లాస్టిక్ లోపలి అణువుల గొలుసులు ఎట్ల పడితే అట్లనే చిక్కుపడి ఉంటాయి. మెల్లిగా లాగితే వరుసకొస్తాయి. కరెంటు ఆ వరుస వెంటే పోతాండాది. పదార్థం ఒకటే, పూసే తీరు వేరు, అంతే."

మేడమ్ రెండు పలకలూ తానే మళ్లీ కొలిచి, ఫైలు తెరిచి సంతకం పెట్టారు. "ఈ రెండూ ఆఖరి అధ్యాయం. రాసి ఇచ్చేయండి."

సోమవారం నుంచి శ్రీనివాసులు సార్ ఏసేపు దగ్గర గాజు లాగడం నేర్చుకుంటున్నారు. చెయ్యి ఇంకా కుదరలేదు.