పట్టూ విడుపూ తెలిసిన బ్రేకు

ఆ పొద్దున తుర్గునాలీ పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నంలోగా నారిన్ పట్నం చేరి, చనిపోయిన అన్న గోరీలో మూడు గుప్పెళ్ల మట్టి వేయడం. పచ్చిక బీడు తగాదాలో అన్నదమ్ములకు రెండేళ్లుగా మాటల్లేవు. మట్టి కూడా వేయకపోతే ఇక రాజీకి ఇంకో అవకాశం లేదు.

ఊరి చివర మంచుగడ్డ మీద, కొత్తగా కొన్న ఆ పాత జపాన్ కారు బ్రేకు తొక్కగానే పెడలు గిలగిలా కొట్టుకుంది. ముప్ఫయ్యేళ్లు సోవియట్ లారీ తోలిన కాలు అది. ఎదురుచెప్పే పెడలును ఎరగదు.

"పాడైంది," అన్నాడు.

"పాడవలేదండీ," అంది భార్య బుర్మకాన్. "మెకానిక్కు చెప్పాడుగా. చక్రం బిగుసుకోబోతే వాల్వు తెరుచుకుని బ్రేకు నూనె ఒత్తిడి కాస్త వదిలేస్తుందట. చక్రం తిరిగిందా, పంపు మళ్లీ నింపుతుందట. సెకనులో బోలెడుసార్లు. ఆ వణుకదే."

"తొక్కేది నేనైతే వదలడానికి అదెవరు?"

"పట్టూ విడుపూ దానికైనా ఉన్నాయి."

మాట గుచ్చుకుంది. బండి ఆపి, ఆ వాల్వుకు కరెంటిచ్చే ఫ్యూజు పీకి చేతితొడుగులో దోపుకున్నాడు.

నారిన్‌లోకి దిగే వాలులో మళ్లీ తొక్కాడు. పెడలు కిమ్మనలేదు. చక్రాలు బిగుసుకున్నాయి, కారు మాత్రం బిగుసుకోలేదు. జారి జారి, ఓ ఇంటి ముంగిట ఉన్ని గుడారానికి గజం దూరంలో మంచుకుప్పలో కూరుకుంది. తుర్గునాలీ, పోయిన అన్న దగ్గరికే వెళ్లిపోతున్నానన్న భయంతో, "అన్నో! అన్నో!" అంటూ బయటపడ్డాడు.

అది ఎవరో పోతే వేసిన చావు గుడారం. ఆచారం ప్రకారం పరామర్శకొచ్చే మగవాళ్లు ఏడుస్తూ రావాలి, వాకిట్లో కర్రలానుకున్న ఇంటివాళ్లు బదులేడవాలి. జారుతూ వచ్చి ఏడ్చినవాణ్ణి చూడటం అందరికీ అదే మొదలు. ఇరవైమంది బావురుమని, అతని చేతికో కర్రిచ్చి వరుసలో నిలబెట్టారు. భయంతో మొదలైన ఏడుపు రెండేళ్లూ గుర్తొచ్చి ఆగలేదు.

"పోయింది మా అమ్మ," అన్నాడు పక్కనున్న పెద్దకొడుకు. "నన్ను చూసి అన్నో అంటున్నావు. ఎవరి కొడుకువయ్యా?"

పదేళ్ల కిందట పోయిన తమ తండ్రి మీద వరుస మొత్తానికి ఒక్కసారిగా అనుమానం పుట్టింది. కర్రలు ఆనుకోవడానికి కాక ఇంకో పనికి లేచాయి.

బుర్మకాన్ మధ్యలోకి వచ్చి, వాల్వు నుంచి పచ్చిక బీడు దాకా అంతా విప్పి చెప్పింది. పెద్దకొడుకు ముక్కు తుడుచుకున్నాడు. "అమ్మను సాయంత్రంగాని తీసుకెళ్లం. అందాకా ఇతన్ని వాళ్లన్న దగ్గరికి చేరుద్దాం, లారీ తియ్యండ్రా."

చిన్నాన్నను గోరీ దగ్గరికి రానివ్వమని ఒట్టేసుకున్న అన్న కొడుకులు, లారీ దిగి బావురుమంటున్న ఇరవైమందిని చూసి దారిచ్చారు. వాళ్లకూ బుర్మకానే చెప్పింది, మొదటినుంచీ. తుర్గునాలీ తొడుగు విప్పి మట్టి వేశాడు.

"ఆ ఫ్యూజు ఇటివ్వండి, పెట్టేస్తాను," అంది బుర్మకాన్, తిరిగొచ్చాక కారు దగ్గర.

తొడుగు దులిపి చూశాడు. "మట్టితోపాటు గోరీలోకి వెళ్లిపోయినట్టుంది. పోనీలే, అన్నదమ్ములిద్దరిలో ఒకడికైనా విడుపుండాలిగా."