వాల్‌నట్ చెట్టు మంచె

ఆ శనివారం పొద్దున లోవెల్ బ్రూనింగ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. వెనక పచ్చికలో మట్టికట్టకు ఆనించిన కాగితం మీద మూడు గుళ్లు కాల్చాలి. మూడూ ఒకే చోట పడ్డాయని చూసుకోవాలి. పాన్‌కేకులు చల్లారేలోపు ఇంటికి రావాలి.

వారం తిరిగితే జింకల వేట మొదలవుతుంది. అయోవాలో వాళ్ల కుటుంబమంతా జింకల మీదికి షాట్‌గన్నే పడతారు. అందులో చిల్లర గుళ్లు కాదు, బొటనవేలంత ఒకే ఒక్క సీసపు గుండు వేస్తారు. దాన్ని స్లగ్ అంటారు. మామగారు ఆర్విల్ పెట్టిన నియమం ఏమిటంటే, ఎవరి పొలంలో వాళ్లు డెబ్బై అయిదు గజాల నుంచి కాల్చి, ఆ కాగితాన్ని లోవెల్ వంటింటి బల్ల మీద పెట్టాలి. గుళ్లు ఎవరివి దగ్గర దగ్గరగా పడితే వేటరోజున వాల్‌నట్ చెట్టు మీది మంచె వాళ్లది. ఓడినవాడు ముళ్లపొదల్లో నడిచి జింకల్ని మంచె వైపు తోలాలి. సాక్షులు అక్కర్లేదు, మనిషి మాట చాలు. ఏళ్ల తరబడి మంచె బావమరిది గేలెన్‌ది, పొదలు లోవెల్‌వి. ఇంకో ఏడు పొదల్లో పడితే తన మోకాళ్లు తనతో ఇంటికి రావని లోవెల్‌కు గట్టి నమ్మకం. అందుకే ఈసారి తుపాకీకి గురి చూసే దుర్భిణి, కొత్త స్కోప్, బిగించాడు.

మొదటి గుండు కింద ఎడమకు పోయింది. స్కోప్ మర తిప్పాడు. రెండోది పైన కుడికి పోయింది. వెనక్కి తిప్పాడు. మూడోది కాగితాన్నే తాకలేదు. లోవెల్ నివ్వెరపోయి గేలెన్‌కు ఫోన్ చేశాడు.

"గొట్టం వేడెక్కుంటది బావా, చల్లారనీ," అన్నాడు గేలెన్.

చల్లారనిచ్చాడు. గుళ్లు ఇంకా దూరం దూరంగా పడ్డాయి. ప్రతి తుపాకీకీ ఒక రకం స్లగ్గే నప్పుతుందని, రకం మార్చి చూడమని గేలెన్ రెండో సలహా పారేశాడు. లోవెల్ ఊళ్లోకి పోయి, కొట్లో ఉన్న రకానికి ఒక పెట్టె చొప్పున తెచ్చాడు. అవన్నీ కాల్చేసరికి భుజం కమిలిపోయింది. నొప్పి తగ్గుతుందేమోనని తుపాకీని వదులుగా పట్టుకుని ఇంకొకటి పేల్చాడు. తుపాకీ ఎగిరొచ్చి, స్కోప్ అంచు కనుబొమను చీల్చేసింది.

మొహం నిండా రక్తంతో వంటింట్లోకి వచ్చిన మొగుణ్ణి చూసి మార్లిస్ చేతిలోని అట్లకాడ జారిపోయింది. చర్చి స్నేహితురాలు వెర్నాకు ఫోన్ కలిపి, లోవెల్, తుపాకీ, తలంతా రక్తం అని మూడు ముక్కలు చెప్పి, తువ్వాలు కోసం పరిగెత్తింది. వెర్నా ఆ మూడు ముక్కల్నీ తనకు తోచినట్టు అతికించి పాస్టర్ గారి భార్యకు చెప్పింది. కబురు ధాన్యం గిడ్డంగి దగ్గరికి చేరేసరికి లోవెల్‌ను ఎవరో కాల్చి చంపేశారు.

ఆ ఊళ్లో చావు కబురు వింటే ఆడవాళ్లు ముందు ఓవెన్ వెలిగిస్తారు. ఏడుపు తరవాత. నూడుల్సు, ట్యూనా చేప, చీజ్ కలిపి క్యాసరోల్ పెట్టి, ఆ గిన్నెతోనే పరామర్శకు బయలుదేరుతారు. వెర్నా తన గిన్నెతో తలుపు తోసుకుని వచ్చి, కనుబొమ మీద గడ్డకట్టిన బఠాణీల సంచి అదుముకుని కూర్చున్న లోవెల్‌ను చూసి కొయ్యబారిపోయింది.

"నువ్వు బతికే ఉన్నావా?"

"ఉన్నానమ్మా," అన్నాడు లోవెల్, తప్పు చేసినవాడిలా.

వెనకే మరో గిన్నె, దాని వెనక ఇంకోటి వచ్చాయి. బల్ల నిండింది. డిప్యూటీ షెరీఫ్ టిమ్మెర్మన్ వచ్చి, నిన్ను కొట్టిందెవరని అడిగాడు.

"స్కోపు," అన్నాడు లోవెల్.

"ఈ ఊరివాడేనా?" అన్నాడు టిమ్మెర్మన్.

అసలు సంగతి తెలిశాక అతను బయటికి వెళ్లి, తుపాకీ ఖాళీ చేసి తెచ్చాడు. అతని చేతిలో గొట్టం లొడలొడలాడింది. గొట్టాన్ని పట్టి ఉంచే మూత సగం మరలోనే ఆగిపోయి ఉంది. ముందురోజు తుడిచి బిగించింది లోవెలే. కొట్లోని స్లగ్గులన్నీ ఊగే గొట్టంలోంచి కాల్చానని తెలిసి లోవెల్ బఠాణీల సంచిని కళ్ల మీదికి లాక్కున్నాడు.

అప్పుడే మామగారితో కలిసి వచ్చిన గేలెన్ అందరికంటే ఎక్కువసేపు నవ్వి, తన కాగితం బల్ల మీద పెట్టాడు. మూడు చిల్లులూ ఒక కాఫీ కప్పు మూత కింద దాగేలా ఉన్నాయి. లోవెల్ మోకాళ్లు అప్పుడే నొప్పి పెట్టడం మొదలుపెట్టాయి.

ప్రార్థన చేద్దామని వచ్చిన పాస్టర్ నైగార్డ్ చేతిలోనూ ఒక గిన్నె ఉంది. దాన్ని పెట్టడానికి చోటు లేక ఆ కాగితాన్ని పక్కకు తీసి, తరవాత చెమట తుడుచుకున్నాడు.

"పాస్టర్ గారూ, మీ నుదుటికి ఆ మసేంటండీ?" అంది మార్లిస్.

పాస్టర్ తన వేళ్లు చూసుకున్నాడు. అందరూ కాగితం చూశారు. చిల్లుల చుట్టూ నల్లగా తుపాకీ మందు మసి.

"డెబ్బై అయిదు గజాల నుంచి కొడితే గుండు వస్తది గానీ మసి రాదే," అన్నాడు టిమ్మెర్మన్.

ఆర్విల్ కొడుకు వైపు తిరిగాడు.

"ఎంత దూరం నుంచి కొట్టావురా?"

"రెండడుగులు, నాన్నా."

"ప్రతి ఏడూనా?"

గేలెన్ క్యాసరోళ్ల వైపు చూశాడు.

"మా ఆయన మోకాళ్లు నీ పొట్టన పెట్టుకున్నావు కదరా," అంది మార్లిస్. సొంత తమ్ముడు ఇంత పని చేశాడని ఆమెకు ఏడుపొచ్చింది.

లోవెల్ కాగితం జల్లెడలా ఉన్నా చిల్లులు నిజాయితీగా పడ్డాయని, మంచె అతనిదేనని ఆర్విల్ తీర్పు చెప్పాడు.

వేటరోజున గేలెన్ ముళ్లల్లో పడి తిట్టుకుంటూ, ఆ చుట్టుపక్కల ఎవరూ చూడనంత పెద్ద కొమ్ముల దుప్పిని మంచె కిందికే తోలాడు. అది అడ్డంగా నిలబడింది. మూత బిగువుగా ఉంది, స్కోప్ సరిగ్గా ఉంది. లోవెల్ కన్ను స్కోప్ దగ్గరికి పెట్టబోయాడు. కుట్లు వేసిన కనుబొమకు అంతా గుర్తొచ్చింది. తల దానంతటదే వెనక్కి వెళ్లిపోయింది. ఎన్నిసార్లు ముందుకు వంచినా అంతే. దుప్పి పైకి చూసి, నములుతూ నెమ్మదిగా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మార్లిస్ పరామర్శకు వచ్చినవాటిలో మూడో ట్యూనా క్యాసరోల్ వేడి చేసింది.