వజ్రక్క బట్టలపై విచారణ

ఆకాశంలో ఎగిరే ఆడవాళ్లకు నిండు బట్టలు అడ్డమని శంషాబాదులోని ఒక చిత్రకథల సంస్థ 2013లో ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానించిన ఐదుగురూ మగవారే కావడం వల్ల ఏకాభిప్రాయానికి ఇబ్బంది కలగలేదు. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల, పక్కనున్న తొండుపల్లి ఊరి నుంచి వచ్చే అఖిల, ఆ సమయంలో బొమ్మ వేస్తూ ఉంది గనుక ఆమెను కదిలించలేదు.

ఇంటర్‌నెట్‌లో వారం వారం వచ్చే ఆ కథలో నాయిక పేరు వజ్రక్క. ఒంటిచేత్తో లారీని ఎత్తుతుంది. అఖిల మొదట ఆమెను లారీ ఎత్తగల మనిషిలాగే గీసింది. ప్రజాహితం దృష్ట్యా సంస్థ పెద్దలు ఆ నడుమును సగానికి తగ్గించి, మిగిలిన కండ వృథా పోకుండా తగిన చోట్ల సర్దుబాటు చేశారు. ఆమెకు తోడుగా వచ్చే ఉక్కువీరుడికి తుపాకీ గుండ్లు తగులుతాయని మెడ నుంచి మడమ దాకా ఇనుప కవచం ఇచ్చారు. వజ్రక్కకు రెండు జానల గుడ్డ, హైహీల్స్ చెప్పులు మంజూరయ్యాయి. శత్రువులు మర్యాదస్తులు, గుడ్డ ఉన్నచోటే కాల్చేవారు.

అఖిల తల్లి లచ్చమ్మ బిడ్డ ఫోనులో ఈ వజ్రక్కను చూసి మంచం మీద కూలబడింది. ముందు జలుబు గుర్తుకొచ్చింది. తర్వాత డెంగీ. ఆ చెప్పులతో పైనుంచి దూకితే కాలు విరగడం, దవాఖాన, పట్టీ. ఊరి మీద ఎగిరితే, పక్కనే ఉన్న విమానాశ్రయంలో దిగే విమానం గుద్దడం. అసలు భయం అన్నిటికన్నా చివర వచ్చింది. ఆ బొమ్మ మొహం అచ్చం అఖిలదే. ఊళ్లో ఎవరైనా చూస్తే పిల్ల ఉద్యోగం మాన్పిస్తారు.

"అద్దంల సూసుకుంట మొకం గీసిన అమ్మా, అంతే. బట్టలు వాళ్లు జెప్పినట్లే గీయాలె. అది బొమ్మనే గద," అంది అఖిల.

"బొమ్మకు మంది నోరు తగలదు బిడ్డా. నీకు తగుల్తది."

మర్నాడే లచ్చమ్మ ఆఫీసుకు వెళ్లి, అధిపతి మల్లేశ్వర్ ఎదుట నిలబడింది. "సారూ, ఆ ఇనుప పిలగానికి నిండ తొడిగిండ్రు. గీ పిల్లకు జర ఒక అంగీ అన్న ఇయ్యరాదుండ్రి? వానల దిరుగుతది."

మల్లేశ్వర్ లేచి ఉపన్యసించాడు. "అమ్మా! మాది స్త్రీశక్తికి అంకితమైన సంస్థ. ఏం కట్టుకోవాలన్నది వజ్రక్క సొంత నిర్ణయం. ఆమె స్వేచ్ఛను హరించడానికి మేమెవరం?"

"మరి ఆమెనడిగిండ్రా?"

"బొమ్మనెలా అడుగుతామమ్మా!"

ఇక ఊళ్లో ఎవరి కంటా పడకముందే ఆ సంస్థవాళ్లకు నచ్చజెప్పించాలని, లచ్చమ్మ గుట్టుగా కులపెద్ద అయిన తన బావ కొండల్‌కు సంగతి చెప్పింది. బావ గుట్టుగానే తక్కిన పెద్దలందరినీ పిలిచాడు. అంతవరకు తొండుపల్లిలో వజ్రక్కను చూసినవాడు లేడు. ఆ సాయంత్రం నుంచి చూడనివాడు లేడు.

విచారణ చాలా రోజులు నడిచింది. భూములమ్మిన పైసలతో కొన్న పెద్ద ఫోన్లు మొదటిసారి సమాజసేవకు పనికొచ్చాయి. పెద్దలు మొదటి భాగం నుంచి చూశారు. అనుమానం వచ్చినచోట రెండు వేళ్లతో పెద్దది చేసి చూశారు. అనుమానం తీరక మళ్లీ చూశారు. రాజయ్య అనే పెద్దాయనైతే కొత్త కళ్లద్దాలు చేయించుకొచ్చి మరీ తన బాధ్యత నెరవేర్చాడు.

తీర్పు కొండల్ చెప్పాడు. "ఇది ఆడజాతికే అవమానం. గందుకని అఖిల రేపటిసంది కొలువుకు పోవద్దు."

"మరి బొమ్మ, బావా? బొమ్మను బంద్ పెట్టియ్యరా?"

"గదెట్ల బంద్ పెడ్తం? ఇంకేం అన్యాలం జేస్తరో సూడాలె గద! మేం సూడకపోతే ఎవలు సూస్తరు?"

"సూసుడు మీది, సిగ్గు నా బిడ్డదా?" అంది లచ్చమ్మ. పెద్దలకు ఆ మాట వినబడలేదు. అప్పుడే కొత్త భాగం వచ్చింది.

అఖిల ఇప్పుడు ఇంట్లో భద్రంగా ఉంది. తొండుపల్లిలో ఆదరణ పెరిగినందుకు సంస్థ హర్షం ప్రకటించి, ఆమె చోట ఒక యువకుణ్ణి నియమించింది. అతడు రాగానే వజ్రక్క గుడ్డలో ఒక జాన తగ్గించాడు. పెద్దలు విచారణను నిరవధికంగా పొడిగించారు.

ఇక్కడిదాకా చదివిన పాఠకులు, ఆ చిత్రకథ ఎక్కడ దొరుకుతుందో చెప్పమని ఒత్తిడి చేయవద్దని మనవి. విచారణ కోసమే అడుగుతున్నామంటారా? అయితే వెళ్లి కొండల్ వెనక నిలబడండి. వరుస అవతలి ఊరు కొత్వాల్‌గూడను కూడా దాటింది.